మా నాయన రివాల్వరు వయసు చెప్పిన ఉస్తాదు

మొన్న కోసిగి సంతలో ఖాళీ బండి మీదికెక్కి వాక్యం చెబుతున్నాను. ఎండ నడినెత్తిన ఉంది, నా గొంతు దానికంటే పైన ఉంది. పాపం ఒప్పుకోవడం గురించి చెబుతూ చెయ్యి పైకెత్తేసరికి, ఎదురుగా తాళాలు అమ్ముకునే ఆదోని మనిషి ఒకడు బేరం వదిలేసి నన్నే చూస్తూ నిలబడ్డాడు. మనసు కరిగిందేమో అనుకుని ఇంకో నాలుగు మాటలు గట్టిగా వేశాను. నేను ఆమెన్ అనేదాకా ఆగి, దగ్గరికొచ్చి, తుపాకుల ఉస్తాదు పొద్దున పోయినాడని, సాయంత్రం నమాజు కాగానే మట్టి చేస్తారని చెప్పాడు.

ఆ రోజు నా ప్రసంగానికి ముగింపు ప్రార్థన లేదు. దొరికిన లారీ ఎక్కి ఆదోని చేరాను. గ్రంథం చంకలో పెట్టుకునే, అందరితో పాటు ఆయన మీద మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. ఎవరూ అడ్డుకోలేదు. అడ్డుకున్నా ఆగేవాణ్ణి కాదు.

చదివే ప్రియులారా, వాక్యం చెప్పుకునేవాడు తుపాకులు బాగుచేసేవాని కోసం ఎందుకింత ఆరాటపడి రాస్తున్నాడని మీరు అడగవచ్చు. అడగండి, చెప్పడానికే కూర్చున్నాను. మా నాయన పేరు మీద నలభై ఏళ్ళకు పైగా ఉన్న మరకను ఆ మనిషి ఒక స్క్రూడ్రైవరుతో, ఒక సుద్దముక్కతో, ఒక్క మధ్యాహ్నంలో తీసేశాడు. దుఃఖం రాద్దామని కాగితం తీస్తే సంతోషమే ముందు పరుగెత్తుకొస్తోంది. రానివ్వండి.

ఆయన దుకాణం ఆదోని బజారులో, పత్తి వ్యాపారుల వీధి చివర. ఇద్దరు పక్కపక్కన నిలబడితే నిండిపోయేంత వెడల్పు. లైసెన్సు నంబరు రాసిన రేకు తప్ప బోర్డు లేదు. ఏ తుపాకి చేతికొచ్చినా ముందు తెరిచి, గుండ్లు పెట్టే గదులను ఒక్కొక్కటీ వేలితో తాకి లెక్కపెట్టేవాడు. పక్కన పెట్టి టీ తాగి మళ్ళీ తీసుకుంటే మళ్ళీ లెక్క. ఇప్పుడే కదా చూశావని నేనొకసారి నవ్వితే, తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"నిండిన తుపాకికి అందురూ భయపడతారప్పా. ఖాళీగా ఉండాదనుకుంటామే, అదే మనుషుల్ని సంపేది."

ఆ మాటను నేను ఎన్ని ప్రసంగాల్లో వాడుకున్నానో నాకే తెలియదు. ఎవరు చెప్పారో చెప్పకుండా వాడుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను: అది ఆయనది.

ఇక మా నాయన సంగతి. తెల్లదొరల కాలంలో ఆదోనిలో పత్తి ఫ్యాక్టరీ మేనేజరు బంగళాకు ఆయన కావలివాడు. ఒక ఏడు ఆ దొర రివాల్వరు బల్ల సొరుగులోంచి పోయింది. కావలివాడు మా వాడ మనిషైనప్పుడు విచారణకు ఎంతసేపు పడుతుంది? మూడు రోజులు స్టేషన్లో పెట్టి కొట్టారు. రెండో రోజున మా అక్క పుట్టింది. మా అమ్మ ఒక గదిలో, మా నాయన ఒక గదిలో, ఇద్దరూ అరిచారు. ఏమీ దొరకలేదు, వదిలేశారు. దొర మాత్రం మా నాయనను నమ్మి పనిలోనే ఉంచుకున్నాడు. చాలా ఏళ్ళకు, సొంత దేశం వెళ్ళిపోతూ, తర్వాత తాను కొనుక్కున్న రివాల్వరును మా నాయన చేతిలో పెట్టి, తానే ఇచ్చినట్టు ఒక ఉత్తరం రాసిచ్చి, లైసెన్సుకు కూడా చెప్పి పోయాడు.

లైసెన్సు వచ్చింది. ఉత్తరాన్ని చెదలు తిన్నాయి. అంతే, నోళ్ళు లేచాయి. అప్పటికి మేము ఎమ్మిగనూరు చేరుకున్నాం. ఆ ఫ్యాక్టరీలోనే గుమాస్తాగా చేసిన ఒకాయన కూడా మా ఊరి పెద్దవీధిలోనే స్థిరపడ్డాడు. పోయిన రివాల్వరే ఇదని, దొర దయతలచి గుట్టుగా వదిలేశాడని ఆ మాట ఆయన అరుగు మీద పుట్టి మగ్గం మగ్గానికీ పాకింది. మా నాయన దాన్ని అమ్మితే దొంగసొత్తు అమ్ముకున్నాడంటారు, ఉంచుకుంటే దొంగసొత్తు దాచుకున్నాడంటారు. పెట్టెలో అడుగున పెట్టి, లైసెన్సు కొత్తది చేయించుకోవడానికి తప్ప బయటికి తీయకుండా బతికి, ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు కన్నుమూశాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను నూలుకు రంగు అద్దే పని చేసుకుంటూ, బడి ముఖం చూడకుండా, గ్రంథం ముందేసుకుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఏ అధ్యాయమైనా అందుకుని చెప్పగలను. ఒక్కటి తప్ప. దొంగసొత్తును గుడారం నేల కింద పూడ్చిపెట్టి, తన ఇంటివాళ్ళందరి మీదికి కీడు తెచ్చిన మనిషి కథ ఉంది కదా, దాన్ని నేను ఎన్నడూ చెప్పలేదు. పుట తిప్పేసేవాణ్ణి. ఎందుకో మీకు తెలిసిపోయింది. ఊరు నమ్మినదాన్ని నేను కూడా సగం నమ్మాను. కన్నతండ్రిని సగం నమ్మాను, అంటే సగం నమ్మలేదు.

నాయన పోయాక స్టేషన్ నుంచి కబురొచ్చింది. లైసెన్సున్న దుకాణం ద్వారా లైసెన్సున్న మనిషికి అమ్ముకోవాలి, లేదా సర్కారుకు అప్పగించాలి. అమ్మితే ప్రార్థన పాకకు రేకులు వస్తాయనుకున్నాను. అమ్మేముందు దాన్ని సింగారించాలనుకున్నాం. పండగకు ఇత్తడి బిందెలు తోముతాం చూడండి, అట్లాగే. నేను, నా భార్య, చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు. రెండు రోజులు తోమాం. వెండి గిన్నెలా మెరిసింది. పైన కొబ్బరినూనె పూసి, కొత్త చేనేత తువ్వాల్లో చుట్టి, కొత్త పెళ్ళికూతురిని తీసుకుపోతున్నంత ఉత్సాహంగా బస్సెక్కాను.

ఉస్తాదు తువ్వాలు విప్పాడు. తెరిచాడు, గదులు లెక్కపెట్టాడు. తర్వాత దాన్ని చూడలేదు, నా చేతులు చూశాడు. గోళ్ళ దాకా రంగు పట్టిన చేతులు.

"నీలమంతా నీ సేతులకు ఉంచుకొని దీన్ని బోడి సేసి తెచ్చినావే అప్పా. ఎవురు తోమింది దీన్ని?"

నేను గర్వంగా, నేనే అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు. ఇనుము మీద ఉండే ఆ నల్లని నీలం పూత కంపెనీవాడు వేసిందట. అది ఉంటేనే దానికి పరువట. అంతకంటే ఘోరం, గొట్టం మీద, పక్కల మీద కొట్టిన ముద్రలు మా ఇటుక పొడికి అరిగిపోయాయి. లైసెన్సు బుక్కులో ఉన్న నంబరులో సగం అంకెలే కనబడుతున్నాయి.

"ముసలోని మొగంలో ముడతలుంటేనే వయసు తెలుస్తాది. మీరు ముడతలు గూడా తోమేసినారు. ఇంగ దీని వయసు యాడ సూడల్ల నేను?"

రేటు సగానికి పడిపోయిందని చెప్పాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నా లోపల ఏదో తేలికపడింది. వయసు తెలియకపోతే మంచిదే కదా అనుకున్నాను. ఆయన నా ముఖం చదివాడు. ఇనుము మీది అరిగిన అక్షరాలు చదివే మనిషికి నా ముఖం ఒక లెక్కా? టీ తెప్పించి, కథేమిటని అడిగాడు. చెప్పాను. వేదిక మీద ఎన్ని ఊళ్ళను ఒప్పుకోమని అరిచానో, ఆ ఇరుకు దుకాణంలో అంత మెల్లగా ఒప్పుకున్నాను.

ఆయన విని, పిడికి రెండు పక్కలా ఉన్న చెక్కలను తట్టాడు. ఇంగ్లీషు దేశంలో తుపాకిని పరీక్ష చేసి ముద్ర కొడతారని, ఆ ముద్రలో ఒక్కో ఏటికి ఒక్కో అక్షరం ఉంటుందని, కొన్నిటికి పైనే కాక ఈ చెక్కల కింద కూడా కొడతారని చెప్పాడు. ఇటుక పొడి అక్కడికి పోయి ఉండదు. అక్షరం దొరికితే, అది ఏ ఏడో ఉస్తాదు వాళ్ళ నాయన రాసిపెట్టిన పుస్తకంలో ఉంటుంది.

"పోయినది మీ అక్క పుట్టిన ఏడు పోయింది గదా. ఇది అంతకు ముందు సేసిందైతే ఊరోళ్ళ నోరు గెలిసినట్లే. తర్వాత సేసిందైతే మీ నాయన గెలిసినట్లే. తెరిసినాంక మూయలేం. తెరవద్దంటే ఇట్లనే అమ్మిస్తా, వయసు తెలీదని అమ్మకం సీటీలో రాస్తా. నమాజుకు పోయొస్తా, అంతలోపల సూసుకో."

నన్నూ రివాల్వరునూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తన కొడుకును గడపలో కాపలా ఉంచి పోయాడు.

ప్రియులారా, ఆ కాసేపూ నాకు చెమట ఎట్లా పోసిందో! తెరిస్తే మా నాయన దొంగ కావచ్చు. అప్పుడు మా అమ్మకు ఏమని చెప్పాలి? తెరవకపోతే ఆయన ఎప్పటికీ సగం దొంగ. గ్రంథం తెరిచాను. నేను వెతకలేదు, ఆ గుడారం కథ ఉన్న పుటే పడింది. గాలికి పడిందనండి, ఇంకేమైనా అనండి. తిప్పేయబోయిన వేలు ఆగిపోయింది. ఆ కథలో సొత్తు బయటపడేది ఎవరో వెళ్ళి నేల తవ్వినప్పుడే. తవ్వితేనే ఉందో లేదో తెలుస్తుంది. అది నాకు అంతకుముందు తోచనే లేదు. తవ్వడం దొంగను పట్టుకోవడానికే కాదు, దొంగ కానివాణ్ణి విడిపించడానికి కూడా!

ఉస్తాదు గడప ఎక్కకముందే లేచి నిలబడి, తెరవమన్నాను. బజారుకంతా వినబడేంత గట్టిగా అన్నానేమో, "నీ గొంతుకు లైసెన్సు ఉండాదా అప్పా?" అంటూ లోపలికొచ్చాడు.

చెక్కల స్క్రూ బిగుసుకుపోయి ఉంది. బలవంతం చేస్తే తల అరిగిపోతుందని, రెండు చుక్కల కిరసనాయిలు వేసి వదిలేశాడు. ఇనుముకు తొందర పెట్టకూడదట. బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించి తిన్నాడు. చేతులు శనగపిండితో రుద్ది కడుక్కుని, స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి నన్నే తిప్పమన్నాడు. తిప్పాను. కిర్రుమని కదిలింది. చెక్క ఊడివచ్చింది. దాని కింద ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు. ఆయన గుడ్డతో, తోమడం కాదు, పసిపిల్ల ముక్కు తుడిచినట్టు అద్దాడు. సుద్దముక్క పొడి చల్లి బొటనవేలితో ఒక్కసారి రాశాడు. పొడి గుంటల్లో నిలిచి, నల్లని ఇనుము మీద తెల్లగా, కందిగింజంత ముద్ర లేచింది. దాని కింద అక్షరం! ఇంకొంచెం కింద పూర్తి నంబరు, లైసెన్సు బుక్కులో ఉన్నదే, ఒక్క అంకె తేడా లేకుండా.

నేను కుర్చీ మీద లేను. ఎక్కడున్నానో గుర్తు లేదు. ఆయన పుస్తకం తీశాడు. ఉర్దూలో ఉంది, నాకు ఒక్క ముక్క తెలియదు. వేలు వరస వెంబడి కిందికి దిగుతోంది, పెదవులు కదులుతున్నాయి. వేలు ఆగింది. చెప్పమని భుజం పట్టుకుని ఊపాను. ఆయన పుస్తకాన్ని రొమ్ముకు ఆనించుకుని మూసేశాడు.

"ముందు మీ అక్క పుట్టిన ఏడు సెప్పు. యాడైనా రాసింది ఉంటే సూసి సెప్పు. నేను ముందు సెప్తే, నువ్వు నీకు కావాల్సినట్ల లెక్కేసుకున్నావేమోనని రేపు నీకే అనుమానం వస్తాది."

రాసింది నా చేతిలోనే ఉంది. మా ఇళ్ళలో పుట్టుకలు, బాప్తిస్మాలు గ్రంథం మొదటి ఖాళీ పుటలో రాయించుకుంటాం. ఆనాటి పాదిరి చేతిరాతలో అక్క పుట్టిన తేదీ ఉంది. ఏ ఏడో చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తుపాకి గదులు లెక్కపెట్టినట్టే, ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత పుస్తకం తెరిచి ఆ వరసను నా ముందు పెట్టి, ఉర్దూ అంకెలను ఒక్కొక్కటే తెలుగులో చెప్పాడు.

"పోయిందానికంటే ఇది నాలుగేండ్లు సిన్నదప్పా. అది పోయినప్పటికి ఇది పుట్టనే లేదు."

నేను స్తోత్రం అని అరిచిన అరుపుకు టీ కొట్టువాడు గ్లాసులు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. రివాల్వరు పేలిందనుకున్నాడట. ఉస్తాదు నవ్వుతూ కూర్చున్నాడు. నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. సుద్దపొడి నా ముఖమంతా అంటింది.

సాయంత్రం కొనే మనిషి వచ్చాడు. కోడుమూరు పక్క కాంట్రాక్టరు. ఇంగ్లీషు తుపాకులు దొరకడం కష్టమైపోయిన రోజులవి, ఎంత పాతదైతే అంత గొప్ప అనుకునే రకం. వయసు విని పెదవి విరిచాడు. చీటీలో ఓ పదిహేనేళ్ళు వెనక్కి వేసి రాస్తే, మొదటి పెద్ద యుద్ధంలో తిరిగిందని చెప్పుకుంటానని, అడిగినదానికి పైన ఇస్తానని నాతో బేరం పెట్టాడు. రేకుల పాక నా కళ్ళ ముందు ఒకసారి మెరిసింది, కాదనను. వెనక్కి వేస్తే మా నాయన మళ్ళీ దొంగ. నేను నోరు తెరిచేలోపే ఉస్తాదు చీటీ రాసి సంతకం పెట్టేశాడు.

"ఇనుము మీద ఉండేది నేను రాస్తా అన్నా. నీకు యుద్ధం కావల్లంటే యాడైనా పోయి సేసుకో."

కాంట్రాక్టరు కూడా నవ్వి, తక్కువ రేటుకే తీసుకున్నాడు. పూత పోయినందుకు ఎంత తగ్గిందో ఉస్తాదు విడిగా చూపించాడు. దానికి "ఇటుకపొడి పన్ను" అని పేరు పెట్టి నన్ను ఏడిపించాడు. ఆ డబ్బుకు పాకకు సగం రేకులే వచ్చాయి. మిగతా సగం బోదగడ్డితో కప్పి, ఆ కప్పు కిందే తర్వాతి వారం గుడారం కథ చెప్పాను, మొదటిసారి, ఒక్క మాట కూడా మింగకుండా.

ఆ తర్వాత ఆదోని పోయినప్పుడల్లా ఆ ఇరుకు దుకాణంలో కూర్చోకుండా వచ్చింది లేదు. దేవుని గురించి మేమిద్దరం చాలా పోట్లాడుకున్నాం. నేను గొంతు పెంచేవాణ్ణి, ఆయన టీ తాగేవాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తన మాట ఒకటి పెట్టేవాడు, అది నాకు బస్సులో ఇంటిదాకా పని పెట్టేది. పోయినేడు వెళ్ళినప్పటికి ఆయన కళ్ళకు పొర కమ్మింది. ముద్రలను బొటనవేలితో తడిమి చదువుతున్నాడు. తప్పు పోవడం నేను చూడలేదు.

అన్నీ రాశాను గానీ, అసలైన రోజు ఇంకా చెప్పలేదు. అమ్మిన నాడు చీటీ పట్టుకుని, ఇక మా ఊళ్ళో అందరికీ చూపిస్తానని బయలుదేరుతుంటే ఆయన అడ్డం పడ్డాడు. తండ్రి గురించి కొడుకే చెబితే ఊరు నమ్మదన్నాడు. ఆదివారం దుకాణం మూసి, తెల్ల లాల్చీ, టోపీ, చంకలో ఆ ఉర్దూ పుస్తకంతో ఎమ్మిగనూరు బస్సు దిగాడు. మా పాకలో చాప మీద కూర్చుని, ఆరాధన అయిపోయేదాకా ఓపిక పట్టి, లేచి నాలుగు మాటల్లో సంగతి చెప్పాడు. అక్క ఏడ్చింది. మావాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. మా అమ్మ మాత్రం నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది. ఆయనకు అన్నం పెట్టింది. తిన్నాక, బస్టాండు దాకా తానే సాగనంపుతానని చీరకొంగు దోపుకుని లేచింది.

మా అమ్మ ఎక్కడికి పోయినా మగ్గాల వెనక సందులోంచే పోయేది. నీడ కోసమనుకునేవాణ్ణి. ఆ రోజు సందు వైపు తిరగలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో పెద్దవీధిలోకి, సరిగ్గా నడిమధ్యకు నడిచింది. ఉస్తాదు ఆమె పక్కన, వెనక ఆయనకని కట్టిన వేరుశనక్కాయల సంచీతో నేను. ఆ దొంగమాట పుట్టించిన గుమాస్తా, ఇప్పుడు ముసలాయన, అదే అరుగు మీద కూర్చుని విసురుకుంటున్నాడు. సరిగ్గా ఆయన ముందు మా అమ్మ ఆగింది.

"అన్నా, నాకు సెవుడు. పాకలో నువ్వు సెప్పింది ఇనపడలే. అది ఎంత సిన్నదంటివి?"

మా అమ్మకు చెవుడు లేదు. పక్కింట్లో చాట కింద పెట్టినా వినబడేది. ఉస్తాదు ఆమెను చూశాడు, అరుగు వైపు చూశాడు, టోపీ సర్దుకున్నాడు.

"నాలుగేండ్లు సిన్నదమ్మా. పోయిందానికంటే."

"ఇంగొంచెం గట్టిగా, అన్నా."

దుకాణంలో ఎన్నడూ గొంతు లేపని మనిషి అప్పుడు లేపాడు చూడండి! నా గొంతు సిగ్గుపడేంత. మగ్గాలు ఆగిపోయాయి, తలుపుల్లో తలలు లేచాయి, గుమాస్తా చేతిలో విసనకర్ర నిలిచిపోయింది. మా అమ్మ తలాడించి నాలుగడుగులు వేసి, పక్కింటి ముందు మళ్ళీ ఆగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. బస్టాండులో బస్సు హారను కొడుతూనే ఉంది. వాళ్ళిద్దరూ ఇంటింటి ముందూ ఆగుతున్నారు, ఆయన ఇంటింటి ముందూ చెబుతున్నాడు, మా అమ్మ ఇంకా గట్టిగా చెప్పమంటోంది.